చల్లని ఇంజిన్ ఆపకూడదు

ఆ కారు గురించి ఎవరు అడిగినా నేను మొదట నూనె సంగతే చెబుతాను. మామూలు కారుకి ఇంజిన్ ఆయిలు ఏడాదికోసారి మారిస్తే సరిపోతుంది. ఇది పెట్రోలుతో పాటు ఆయిలు కూడా తాగేది. పాడైపోయి కాదు, దాని పుట్టుకే అంత. పిస్టన్లు లేని ఇంజిన్ అది. లోపల మూడు మూలల ఇనప బిళ్ళ ఒకటి గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఆ మూలలకున్న సీళ్ళు అరిగిపోకుండా ఇంజినే తనంతట తాను కాస్త కాస్త ఆయిలు చిమ్ముకుని కాల్చేస్తుంది. రెండుసార్లు పెట్రోలు కొట్టిస్తే ఒకసారి ఆయిలు పుల్ల పైకి తీసి చూడాలి, తగ్గితే పొయ్యాలి. పొయ్యకపోతే ఇంజిన్ చస్తుంది. మా ఇంట్లో అయితే దానికంటే ముందు నేను చచ్చేదాన్ని.

మా ఆయన మస్కట్‌లో చాలా ఏళ్ళు ఒక షావుకారు ఇంట్లో డ్రైవరుగా చేశాడు. షావుకారు కొడుక్కి ఇలాంటి కారే ఉండేదట. ఒకసారి దాన్ని గ్యారేజీకి తోలుకెళ్ళే పని ఈయనకి పడింది. ఆ పావుగంట ప్రయాణం గురించి నాతో ఎన్నిసార్లు చెప్పాడో, మా పెళ్ళి ముచ్చట అన్నిసార్లు చెప్పలేదు. ఉద్యోగం చాలించుకుని మలికిపురం దగ్గర మా ఊరికి వచ్చేశాక, హైదరాబాదులో ఎవరో పెద్దింటి కుర్రాడు అలాంటిదే అమ్ముతున్నాడని తెలిసింది. ఊరికే చూసొస్తానని వెళ్ళి నేరేడుపండు రంగు కారులో దిగాడు. అంత ఖరీదైన బండి అంత చవగ్గా ఎందుకిస్తున్నారండీ అని మాత్రం అడగలేదు. అలా అడగడం మర్యాద కాదట.

మా వైపు మనుషుల మర్యాద గురించి లోకమంతా గొప్పగా చెప్పుకుంటుంది. అందులో మా ఆయన నాలుగాకులు ఎక్కువే చదివాడు. చందా అడిగినవాడికి ఆయ్, అప్పు అడిగినవాడికి ఆయ్, గట్టు జరిపి మా చోటు కలుపుకున్నవాడికి కూడా ఆయ్. బయట ఎవరికైనా కాదు అని చెప్పడం నేను వినలేదు. రోజంతా అలా మింగిన కాదులన్నీ ఇంటికి తెచ్చి నా మీద కక్కేవాడు. సెలవు మీద రెండు నెలలు వచ్చి వెళ్ళే రోజుల్లో నాకీ సంగతి తెలియలేదు. రెండు నెలలు ఎవరైనా మంచిగానే ఉంటారు.

ఇప్పటికీ ఆయన అనే రాస్తున్నాను. అలవాటు, పోదు.

కోనసీమలో కారుకి నీడ కావాలంటే కొబ్బరిచెట్టు కింద పెట్టాలి. కొబ్బరిచెట్టు కింద పెడితే కాయో మట్టో పడి టాపు సొట్టపోతుంది. వచ్చిన వారంలోనే ఒక ఎండుమట్ట దాని నెత్తిన పడి గీత పెట్టింది. మర్నాడు మనిషిని పిలిపించి పెరట్లో నిండా కాపు మీదున్న రెండు చెట్లూ కొట్టించేశాడు. గొడ్డలి దెబ్బ పడ్డప్పుడల్లా గెలల్లో కాయలు కదిలేవి. గోడ పక్కింట్లో మా బావగారు ఉంటారు, మా ఆయనకి అన్నగారు, హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన వచ్చి చూసి, "కాసే చెట్టు కొట్టకూడదురా అబ్బాయ్," అన్నారు. "ఆయ్ అన్నయ్యా," అన్నాడు మా ఆయన. బావగారు కాఫీ తాగి వెళ్ళిపోయారు. చెట్లు సాయంత్రానికి పడ్డాయి.

ముక్తేశ్వరంలో నా పేరు మీద ఒక కొబ్బరితోట ఉంది, మా నాన్న పసుపుకుంకుమల కింద ఇచ్చింది. నెలన్నరకోసారి కాయ దింపు. ఆ కారు వచ్చినప్పటి నుంచీ తోట కారు కోసమే కాసింది. ఒక దింపు పెట్రోలుకి పోయేది. అదీ ఎక్కడెక్కడికి తిరిగామని, రాజోలు వెళ్ళొస్తే ముల్లు పడిపోయేది. ఒక దింపు ప్లగ్గులకి, వాటి కాయిల్స్‌కి. కాలవగట్ల మీద స్పీడు బ్రేకరు దాటినప్పుడల్లా కింద గీసుకునేది కాబట్టి దానికో దింపు. టైర్లు చెన్నై నుంచి, ఆయిలు డబ్బాలు ఎక్కడి నుంచో పార్సిల్లో. ఏనుగు చచ్చినా వెయ్యే బతికినా వెయ్యే అంటారు గానీ, మా ఏనుగు మధ్యలో జబ్బు పడినప్పుడు కూడా వెయ్యే అడిగేది. మింగ మెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె అని ఒకసారి పైకే అన్నాను. ఆ రోజు గిన్నెతో కొట్టాడు, అన్నం ఉన్న గిన్నెతోనే.

ఖర్చు ఒక ఎత్తు, దాని పట్టింపులు ఒక ఎత్తు. అన్నిటికంటే పెద్దది చల్లని ఇంజిన్ ఆపకూడదన్న పట్టింపు. స్టార్టు చేస్తే వేడెక్కేదాకా నడవనివ్వాలి. చల్లగా ఉండగా నాలుగడుగులు జరిపి ఆపేశామా, లోపల కాలని పెట్రోలు నిండిపోతుంది, ప్లగ్గులు తడిసిపోతాయి, ఆ తర్వాత ఎంత తిప్పినా దగ్గు తప్ప ఏమీ రాదు. అప్పుడు యాక్సిలేటరు పూర్తిగా నేలకి తొక్కిపట్టి సెల్ఫు కొడుతూ ఉండాలి. అలా తొక్కితే పెట్రోలు ఆగుతుందట, లోపలున్నది బయటికి పోతుంది. అదృష్టం బాగుంటే తెల్లటి పొగ కక్కి అందుకుంటుంది, లేకపోతే బ్యాటరీ పోతుంది. ఆయన ముందు బోనెట్ ఎత్తి ఇంజిన్ చప్పుడు వినడానికి వంగితే లోపల కూర్చుని తొక్కే పని నాది. నాకు డ్రైవింగు వచ్చింది అలాగే. మొదట తొక్కడం, తర్వాత ముందుకీ వెనక్కీ జరపడం, ఆ తర్వాత వీధి చివరిదాకా. అందులో నాకు సంతోషం కలిగిందని ఒప్పుకోవాలి. ఆ ఇంజిన్ పాట బాగుండేది.

మొదటి చెంపదెబ్బ ఉయ్యాల గురించి. వసారాలో ఉయ్యాల గొలుసులు కిర్రుమంటుంటే షెడ్డులో ఉన్న ఆయిలు డబ్బాలోంచి నాలుగు చుక్కలు వేశాను. ఆయన వచ్చి కూర్చుని ఊగాడు. చప్పుడు లేదు. "ఏ డబ్బాలోది వేసేవు?" అని నవ్వుతూనే అడిగాడు. చెప్పాను. నవ్వు మొహం మీద ఉండగానే కొట్టాడు. చేతిలో ఉన్న పళ్ళెం ఎగిరి గోడకి తగిలింది. బావగారింట్లో టీవీ శబ్దం ఒక్క క్షణం తగ్గి, మళ్ళీ పెరిగింది.

నేనూ ఊరుకునే రకం కాదు. నన్ను మా ఇంట్లో చిన్నప్పుడు గండుచీమ అనేవాళ్ళు. ప్లగ్గులు మళ్ళీ పాడైన రోజు షెడ్డులో ఆయన నా జుట్టు పట్టుకుంటే, దొరికిన చెయ్యి దొరికినట్టు కొరికేశాను. పళ్ళు దిగబడ్డాయి. నోట్లో రక్తం ఉప్పగా తగిలినా వదలలేదు, ఆయన మోచేత్తో నా ముక్కు మీద గుద్దేదాకా. మర్నాటికి ఆ చెయ్యి వాచింది. ఆస్పత్రిలో ఏమని చెబుతాడు? కుక్క కరిచిందండీ అన్నాడు. డాక్టరు కుక్క కాటు సూదులు మొదలుపెట్టాడు. వద్దండీ అనలేక, అవన్నీ వరసగా వెళ్ళి పొడిపించుకున్నాడు. నాకు నవ్వాగలేదు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఆస్పత్రి కబురు వీధిలో పాకింది. ఏ కుక్కండీ, ఏ కుక్కండీ అని అందరూ అడగడం మొదలుపెట్టారు. మా వీధి చివర ఒక ఎర్రకుక్క ఉండేది, చెవి తెగినది, నేను పెట్టిన గంజి తాగేది. ఇదేనాండీ అని ఎవరో అడిగితే ఆయన ఆయ్ అన్నాడు. నలుగురు కర్రలతో తరిమి కాలవ దగ్గర చంపేశారు. దాని అరుపు మా వంటింట్లోకి వినబడింది. నేను పరిగెత్తుకెళ్ళేసరికి అయిపోయింది. కర్రలవాళ్ళు నన్ను చూసి, "ఇంక భయం లేదండి, నిశ్చింతగా ఉండండి," అన్నారు. నిజం అప్పుడు చెబుదామని నోరు తెరిచాను. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి వాళ్ళకి థాంక్స్ చెబుతున్నాడు.

ఆ తర్వాత ఇంజిన్ పెద్దజబ్బు పడింది. అమలాపురంలో ఒక మెకానిక్కు, రొయ్యల చెరువుల ఇంజిన్లలో చెయ్యి తిరిగినవాడు, ఆయిలు తగ్గడం చూసి లీకనుకున్నాడు. డీజిలు ఇంజిన్ ఆయిలు తాగిందంటే దాని పని అయిపోయినట్టే, అతనికి తెలిసిన లోకం అది. ఆయిలు చిమ్మే సన్నగొట్టానికి బిరడా కొట్టేసి, "ఇహ చుక్క తగ్గదండి," అని గర్వంగా ఇచ్చాడు. అలా చెయ్యకూడదని మా ఆయనకి తెలుసు. తెలిసీ మనిషి మొహం మీద చెప్పలేక ఆయ్ అని డబ్బులిచ్చి వచ్చేశాడు. ఇంటికొచ్చి బిరడా తనే తీద్దామనుకుని, రేపు, ఎల్లుండి అని జరిపి, ఈలోగా పాలకొల్లు పెళ్ళికి తోలాడు. తిరుగు దారిలో బండి బలం పోయింది. మూలల సీళ్ళు అరిగిపోయాయి. ఇంజిన్ దింపి చెన్నై పంపి మళ్ళీ కట్టించడానికి నా తోట ఏడాది కాపు ముందే అమ్మేశాడు. మెకానిక్కుని ఒక్క మాట అనలేదు. నన్ను మాత్రం పాత ఇంజిన్ బెల్టుతో కొట్టాడు. వీపు మీద ఆ బెల్టు చారలు అచ్చు పడ్డాయి, జాకెట్టు వేసుకోవాలంటే ఏడుపొచ్చేది.

చెవి పోయింది ఇంజిన్ చెన్నై నుంచి తిరిగొచ్చాక.

పొద్దున్నే కారు షెడ్డులోంచి వీధిలోకి తీసి, నడుస్తున్న ఇంజిన్ మీద నన్ను కాపలా పెట్టి ఆయన స్నానానికి వెళ్ళాడు. ఇంతలో పైవీధిలోంచి శవం వచ్చింది. డప్పులు, బొరుగులు, వెనక జనం. మా వీధి సన్నం. ముందు నడిచే పెద్దాయన, "అమ్మా, కాస్త బండి పక్కకి తియ్యండి," అని అడిగాడు. ఎక్కి పది అడుగులు ముందుకి జరిపి గోడకి చేర్చాను. పాడె పక్కనుంచి వెళ్తుంటే మా వైపు ఎవరూ బండి ఆన్‌లో ఉంచరు, సైకిలు మీద ఉన్నవాడు కూడా దిగి నిలబడతాడు. తాళం తిప్పేశాను. తిప్పిన మరుక్షణం నాకు గుర్తొచ్చింది, ఇంజిన్ ఇంకా వేడెక్కలేదని.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చాడు. పాడెకి రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. చివరి మనిషి మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. "ఆపేసేవా?" అన్నాడు. "శవం వెళ్తోందండీ," అన్నాను. సెల్ఫు కొట్టి చూశాడు, దగ్గింది. కారు తలుపు మెల్లగా వేసి, నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, వీధి తలుపు గడియ పెట్టి, అరచేత్తో ఎడమ చెవి మీద కొట్టాడు. ఏదో చిరిగిన చప్పుడయింది. మళ్ళీ అదే చోట కొట్టాడు. ఆ రెండో దెబ్బ శబ్దం నాకు రాలేదు. కింద పడ్డాక కాలితో తన్నాడు, ఎన్ని తన్నాడో నాకు లెక్క లేదు. చెవిలోంచి కారిన తడి మెడ మీద వెచ్చగా ఉంది. ఆ రోజు ఆయన్ని చంపాలనుకున్నాను. కొబ్బరికాయలు వలిచే గునపం పెరట్లో నేలలో పాతి ఉంది, అందాకా పాకాను కూడా. పీకడానికి బలం చాలలేదు.

అమలాపురంలో చెవి డాక్టరుకి "బాత్రూంలో జారిపడిందండి" అని ఆయనే చెప్పాడు. మందులు తెమ్మని ఆయన్ని కిందికి పంపి, డాక్టరు నాతో అన్నాడు: "అమ్మా, ఎడమది ఇంక రాదు. కుడిచెవి కూడా చిన్నప్పటి చీముతో బలహీనంగానే ఉంది. దాని మీద ఒక్క గట్టి దెబ్బ పడిందంటే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు. మళ్ళీ జారిపడకండి." జారిపడకండి అన్నప్పుడు నా కళ్ళలోకి చూశాడు. డాక్టరూ అంతకంటే అడగలేదు.

అప్పటి నుంచి నాకు ప్రపంచమంతా కుడిచెవే. కొత్తపేటలో మా అక్క ఉంది. రోజూ పొద్దున్న ఫోను చేస్తుంది. ఏం కూర, ఎవరొచ్చారు, వాళ్ళాయన ఏమన్నాడు, ఇవే కబుర్లు. ఆ గొంతు వినకపోతే నేను పిచ్చిదాన్నయిపోతాను. వాన మొదలయ్యేటప్పుడు కొబ్బరాకుల మీద వచ్చే చప్పుడు, కుక్కరు కూత, రోడ్డు మీద చేపలమ్మి కేక, అన్నీ ఒక సన్నటి కంతలోంచే వస్తున్నాయని తెలిశాక వాటిని దాచుకోవాలనిపించేది. ఇంట్లో ఆయన ఎటుంటే అటు ఎడమవైపు తిప్పుకుని కూర్చునేదాన్ని. గోడకి కుడివైపు ఆనించి పడుకునేదాన్ని. కారులో మాత్రం వీలయ్యేది కాదు. డ్రైవరు కుడివైపు, నేను ఎడమవైపు, కాబట్టి నా కుడిచెవి ఆయన చేతికి జానెడు దూరంలో ఉండేది. ఆ కారెక్కానంటే దిగేదాకా కిటికీకి అతుక్కుపోయేదాన్ని.

అక్కతో చెప్పాను. వచ్చెయ్యమంది. వెళ్తానని బావగారితో అంటే, "ఈ వయసులో నలుగురి నోళ్ళలో పడతావామ్మా, సర్దుకోవాలి," అన్నారు. నాకు వెళ్ళే దమ్ము లేకపోయిందని చెప్పను. తోట కాగితాలు మా ఆయన దగ్గర ఉండిపోయాయి, అవి దొరికే రోజు కోసం చూస్తూ ఉండిపోయాను.

ఆ చలికాలం నరసాపురంలో ఆయన స్నేహితుడి గృహప్రవేశానికి బయల్దేరాం. వంతెన మీదుగా వెళ్తే చుట్టు. పెట్రోలు ముల్లు అడుగున ఉంది, దింపు డబ్బులు ఇంకా చేతికి రాలేదు. అందుకని పంటు మీద గోదావరి దాటేద్దాం అన్నాడు. పంటు అంటే కార్లనీ వ్యాన్లనీ ఎక్కించుకుని ఏరు దాటించే బల్లకట్టు లాంటి పడవ. రేవుకి వెళ్ళేసరికి ఆటు సమయం, నీళ్ళు తీసేసి ఉన్నాయి. పంటు అవతల ఇసుకలో ఇరుక్కుందట. గంటన్నర పైగా ఎదురుచూశాం. ఇంజిన్ పూర్తిగా చల్లబడింది.

మా రేవుల్లో ఒక పద్ధతుంది. వరసలో ఉన్న బండి ఒక్కొక్క బండి మేర ముందుకి జరుగుతుంది, జరగ్గానే ఇంజిన్ ఆపేస్తారు. పెట్రోలు దండగ, వెనకవాడికి పొగ. ఆన్‌లో ఉంచినవాణ్ణి వింతగా చూస్తారు. పంటు వచ్చాక వరస కదిలింది. మేం స్టార్టు చేసి ఒక బండి మేర జరిగాం. రేవు మనిషి అద్దం దగ్గరకొచ్చి, "ఆపేయండి బాబూ," అన్నాడు.

"ఆపకండి, చల్లగా ఉంది," అన్నాను నేను.

"ఆయ్," అన్నాడు ఆయన, నాతో కాదు, రేవు మనిషితో. ఆపేశాడు.

మళ్ళీ స్టార్టు, మళ్ళీ జరగడం, మళ్ళీ ఆయ్. పంటు ఎక్కేటప్పటికి ఇంజిన్ గొంతు మారిపోవడం నాకు కుడిచెవిలో స్పష్టంగా వినిపించింది. మా ముందున్న బళ్ళు అంతకు ముందు పంటులో వెళ్ళిపోయాయి కాబట్టి, దీని మీద మా కారుని అన్నిటికంటే ముందు నిలబెట్టారు. మా వెనక ఐసు కింద రొయ్యలు వేసుకున్న వ్యాను, దాని వెనక ఆటోలు, మోటారు సైకిళ్ళు, జనం.

అవతలి ఒడ్డున పలకలు దించారు. నీళ్ళు తక్కువగా ఉండడంతో పలకలు ఏటవాలుగా నిలబడ్డాయి. ఆయన తాళం తిప్పాడు. దగ్గింది. మళ్ళీ తిప్పాడు. యాక్సిలేటరు నొక్కిపట్టడం ఆయనకి తెలుసు గానీ, వెనక అన్ని హారన్లు మోగుతుంటే కాలు తీసేశాడు. నలుగురొచ్చి తోశారు. కారు ముక్కు బాగా కిందికి ఉంటుంది కదా, పలకల అంచుకి తగులుకుని ఆగిపోయింది. ఇంక ముందుకీ రాదు, వెనక వ్యానుంది. రొయ్యల పెట్టెల్లోంచి ఐసు నీళ్ళు బొటబొటా కారుతున్నాయి.

"తియ్యండి బాబూ, సరుకు పోతాది," అన్నాడు వ్యాను మనిషి మొదట. తర్వాత, "కంపెనీవాడు లోడు వెనక్కి కొట్టేస్తాడండి." తర్వాత మాట్లాడలేదు, మా ఆయన్ని కాలరు పట్టుకుని బయటికి లాగి చెంప మీద కొట్టాడు. ఇంకొకడు వీపు మీద గుద్దాడు. ఎవడో వెనక నుంచి తన్నితే మా ఆయన మోకాళ్ళ మీద పడ్డాడు. పెదవి చిట్లింది. నాకు సంతోషమయింది, దాచడం ఎందుకు. ఇంకా కొట్టాలి అనుకున్నాను.

ఆయన చెయ్యెత్తలేదు. కింద నుంచే చేతులు జోడించి, "తప్పయిపోయిందండి. మా ఆవిడ ఆపేసిందండి. వద్దంటే వినకుండా ఇంజిన్ ఆపేసింది," అన్నాడు.

లేచి నా తలుపు తీసి, నన్ను రెక్క పట్టుకుని లాగాడు. నేను రెండు చేతులూ కుడిచెవి మీద కప్పుకున్నాను. ఎడమవైపు కొట్టాడు, ఫరవాలేదు, అది ఎలాగూ పోయిందే. కడుపులో గుద్దాడు. వంగాను గానీ చేతులు తియ్యలేదు. అప్పుడు ఆయన నా కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. డాక్టరు చెప్పిన మాట ఆయనకి నేనే చెప్పాను, భయపడతాడని చెప్పాను. అదే చోటు వెతుక్కుంటున్నాడు.

"చెవి మీద కొట్టనివ్వకండి, అన్నయ్యా," అన్నాను వ్యాను మనిషితో. అతను అప్పటికే చెయ్యి దించేసుకున్నాడు. "వాళ్ళ సంసారం గొడవండి, మనకెందుకు," అన్నాడు పక్కవాడితో. వెనక్కి జరిగి చోటిచ్చారు. ఒకడు బీడీ ముట్టించుకున్నాడు. ఇంకొకడు గోదావరి వైపు తిరిగి నిలబడ్డాడు, ఆటోలో ఉన్న ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని కిందికి చూశారు. ఇందాక రొయ్యల కోసం మా ఆయన్ని కుమ్మినవాళ్ళే వీళ్ళందరూ. నాకు వాళ్ళ వీపులే కనబడుతున్నాయి.

వేళ్ళు మూడు విడిపోయాయి. నాలుగోది విరగబోతుంటే ఆయన పొట్టలో తలతో పొడిచాను. పంటు కమ్మీకి తగిలి పడ్డాడు. నేను అటువైపు తిరిగి వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు వేసి లాకు నొక్కేశాను. తాళం దానికే ఉంది. యాక్సిలేటరు నేలదాకా తొక్కిపట్టి సెల్ఫు కొట్టాను. దగ్గింది, దగ్గింది. ఆయన వచ్చి అద్దం మీద పిడికిలితో గుద్దాడు, అద్దానికి నెర్రె వచ్చింది. సెల్ఫు వదల్లేదు. బ్యాటరీ గొంతు సన్నగిల్లుతోంది. వెనక తెల్లటి పొగ లేచింది, వీపులన్నీ దగ్గడం మొదలుపెట్టాయి. ఒక్కసారిగా అందుకుంది.

ఆయన ముందుకి పరిగెత్తి పలకల మీద నిలబడి, రెండు చేతులూ బోనెట్ మీద ఆనించాడు. మొహంలో కోపం పోయింది, నిజంగా కంగారు. "ఆపు," అన్నాడు. "చల్లగా ఉంది, రెయిజు చెయ్యకు. ఆపు."

గేరు వేసి తొక్కాను.

ముందు బంపరు ఫట్‌మని ఊడిపోయింది. కారు పలకలెక్కింది. ఆయన బోనెట్ మీదికి వంగి, పక్కకి జారాడు, కాలు పలకకీ చక్రానికీ మధ్య పడింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. అలాగే ఒడ్డుకి ఎక్కించి, కంకర మీద ఆపి, ఇంజిన్ నడుస్తూ ఉండగానే దిగాను.

వీపులన్నీ ఇటు తిరిగాయి. మొగుడి మీంచి కారు పోనిచ్చింది, మొగుణ్ణి చంపేసింది అని కేకలు. ఇందాక కిందికి చూసిన ఆడవాళ్ళే నా జుట్టు పట్టుకుని కంకర మీద ఈడ్చారు. చెప్పుతో కొట్టినవాళ్ళున్నారు. కుడిచెవి నేలకి ఆనించి, తల మీద చేతులు వేసుకుని పడుకున్నాను. మా ఆయన్ని బురదలోంచి ఎత్తుకుని రొయ్యల వ్యానులోనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు, కొట్టినతనే ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. ఐసు సంగతి ఎవరికీ గుర్తు లేదు.

సాయంత్రం పోలీసుస్టేషన్లో బల్ల మీద కూర్చున్నాను. ఆ కారు ఇప్పటికీ ఆ స్టేషను ఆవరణలోనే ఉంది, టైర్లు కూరుకుపోయి, తీగ పాకి. బావగారు వంతెన మీదుగా చుట్టు తిరిగి వచ్చారు. నా పక్కన కూర్చుని, నా దెబ్బల వైపు చూడకుండా, చాలా నెమ్మదిగా చెప్పారు.

"అమ్మా, తమ్ముడికి మోకాలి కింద రెండు చోట్ల ఇరిగింది, ప్రాణభయం లేదు. నేను అందరితోటీ మాట్లాడేను. నీకు చిన్నప్పట్నించీ చెవుడని రాయిద్దాం. ఆడు ఆపమని అరిచేడు, నీకు వినబళ్ళేదు. అంతే. తమ్ముడు కూడా అలాగే చెప్తానన్నాడు. ప్రమాదం కింద పోతాది. ఇంటికెళ్ళిపోదాం."

"చిన్నప్పట్నించీనా బావగారూ?" అన్నాను.

"పరువు నిలబడతాది కదమ్మా," అన్నారు.

ఎంత తేలికో నాకు తెలుసు. వినపడిందా అని అడిగినప్పుడు ఒక్కసారి తల అడ్డంగా ఊపితే చాలు. కేసు ఉండదు, తోట ఉంటుంది, విరిగిన కాలు అతుక్కునేదాకా ఆయన చెయ్యి నామీద లేవదు. రాత్రికి అన్నం తిని నా మంచం మీద పడుకోవచ్చు. నాకు నిజంగా భయం వేసింది, జైలు మాట వింటే ఎవరికైనా వేస్తుంది.

ఎస్సై కుర్చీ ముందుకి లాక్కున్నాడు. బావగారు ముందే చెప్పి ఉంటారు, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు వంగి, గొంతు పెంచి అడిగాడు. "మీ ఆయన ఆపమని అరిచేడంట. మీకు వినపడలేదు కదమ్మా?"

"గట్టిగా మాట్లాడక్కర్లేదండి," అన్నాను. "వినపడింది. అరవలేదు, మామూలుగానే చెప్పేడు. రెండుసార్లు చెప్పేడు. ఈ కుడిచెవితోటే విన్నాను, విని తొక్కేను. ఎడమది ఎలా పోయిందో అదీ చెప్తాను, రాసుకోండి."

బావగారు లేచి గుమ్మం దగ్గరకి వెళ్ళి నిలబడ్డారు. ఎస్సై పెన్ను బల్ల మీద పెట్టేశాడు. నేను మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.